హస్తవాసికి మార్కులు

డాక్టర్ల గొప్ప కొలవడానికి మన తెలుగువాళ్ల దగ్గర ఓ పాత కొలబద్ద ఉంది. దాని పేరు హస్తవాసి. "ఆయన చదువు సంగతి నాకు తెలీదమ్మా, హస్తవాసి మాత్రం మంచిది" అన్నారంటే ఇక దాని మీద అప్పీలు లేదు. బోర్డు మీద పేరు పక్కన ఎన్ని అక్షరాలైనా తగిలించుకోవచ్చు. వీధి చివర పెద్దమ్మగారు హస్తవాసి లేదని పెదవి విరిచారా, ఆ డాక్టరు ఈగలు తోలుకోవలసిందే. ఇంతకీ ఈ హస్తవాసి చేతిలో ఉంటుందో, మాటలో ఉంటుందో, వెనకటి రోజుల్లో కాంపౌండరు ఎర్రమందు సీసాకి అంటించిన డోసుల కాగితంలో ఉంటుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. తేల్చకుండానే తరాలు గడిచిపోయాయి.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై యేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పి, కట్టలు కట్టలుగా పేపర్లు దిద్ది రిటైరైన మేష్టర్ని. అందుచేత ఎక్కడ ఎవరు ఎవరికి మార్కులు వేస్తున్నారన్నా నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. మా మేనల్లుడొకడు ఇంగ్లండులో కుటుంబవైద్యుడుగా శిక్షణ పొందేటప్పుడు ఫోనులో, "మావయ్యా, ఇక్కడ మాకు పేషెంటుతో మాట్లాడ్డానికి కూడా మార్కులు వేస్తారు" అన్నాడు. అప్పుడు పట్టుకుంది నన్నీ పురుగు. దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, మనం తేల్చకుండా వదిలేసిన ఆ హస్తవాసిని పట్టుకుని, తూచి, దానికి మార్కులు వేయడానికి ఒక దేశం డెబ్బై యేళ్లుగా అవస్థ పడుతోందని.

కథ 1948తో మొదలుపెట్టాలి. ఆ యేడు జూలై 5న ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సేవ, అందరూ పిలిచే పేరు ఎన్.హెచ్.ఎస్., అమల్లోకి వచ్చింది. ప్రతి మనిషీ తన ప్రాంతంలో ఓ కుటుంబవైద్యుడి దగ్గర పేరు రాయించుకోవాలి. ప్రాణం మీదికి వస్తే తప్ప, జలుబైనా మనోవ్యాధైనా ముందు ఆయన్నే చూడాలి. ఆయన చీటీ రాస్తేనే పెద్దాసుపత్రిలో స్పెషలిస్టు దర్శనం. అంటే కోటగుమ్మం తాళంచెవి ఆయన చేతిలో పెట్టారన్న మాట. మరి ఆ తాళంచెవి పుచ్చుకున్న మనిషికి విడిగా ఏం శిక్షణ ఇచ్చారయ్యా అంటే, ఏమీ లేదు. కత్తి పట్టే సర్జను పెద్దల కనుసన్నల్లో యేళ్ల తరబడి నలగాలి. కుటుంబవైద్యుడికి మాత్రం మెడికల్ కాలేజీ పట్టా చాలు, బోర్డు కట్టుకోవచ్చు. 1953 నించి ఆసుపత్రిలో ఒక్క యేడాది పని చెయ్యాలన్నారు. అంతే.

దాని ఫలితం ఎలా ఉందో 1950లో బయటపడింది. జోసెఫ్ కాలింగ్స్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఇంగ్లండులో 55 ప్రాక్టీసులు తిరిగి చూసి, లాన్సెట్ పత్రికలో రాసేశాడు. ఇరుకు గదులు, దుమ్ము, రోగిని పడుకోబెట్టి చూసే వసతి కూడా లేని చోట్లు, చీటీ రాసి పంపించడమే వైద్యమైన డాక్టర్లు. మంచివాళ్లూ కనపడ్డారు, కానీ మంచి చెడ్డల మధ్య దూరం ఆయన్ని హడలగొట్టింది. ఆ తర్వాత 1958లో, చర్చిల్‌గారి సొంత డాక్టరైన లార్డ్ మోరన్, డాక్టర్ల జీతాల సంగతి చూస్తున్న రాయల్ కమిషను ముందు కూర్చుని, స్పెషలిస్టు నిచ్చెన ఎక్కబోయి జారిపడ్డవాళ్లే కుటుంబవైద్యులౌతారనే అర్థం వచ్చేలా సాక్ష్యం చెప్పాడు. వేలమంది డాక్టర్లు ఆ మాటని జన్మలో క్షమించలేదు. మన దగ్గర "ఏ ఉద్యోగమూ దొరక్క బడిపంతులయ్యాడు" అంటారే, ఆ జాతి మాట అది. దాని రుచి నాకు బాగా తెలుసు.

ఈ పరువు తక్కువే ఒక విధంగా మేలు చేసింది. 1952 నవంబరులో, పాత రాయల్ కాలేజీల పెద్దలు వద్దు వద్దంటున్నా, కుటుంబవైద్యులు తమకంటూ ఒక కాలేజీ పెట్టుకున్నారు. కాలేజీ అంటే గోడలూ గంటా ఉన్న కాలేజీ కాదు, వృత్తిసంఘం. 1967లో దానికి 'రాయల్' అన్న బిరుదు కూడా దక్కింది. అంతకు రెండేళ్ల ముందు, 1965లో, సభ్యత్వానికి మొట్టమొదటిసారి పరీక్ష పెట్టారు. దాని పేరే ఎం.ఆర్.సి.జి.పి. ఆ తొలి పరీక్షకి కూర్చున్నవాళ్లు ఎందరో తెలుసునా? అయిదుగురు. మా స్కూల్లో సంస్కృతం సెక్షన్లో కూడా అంతకంటే ఎక్కువమందే ఉండేవాళ్లు!

పరీక్ష పెట్టడం తేలికే. ఏం అడగాలన్నదే చిక్కు. ఆసుపత్రి మంచం మీద ఉన్న రోగానికి అప్పటికే పేరుంటుంది. తలాపున చార్టు వేలాడుతూ ఉంటుంది. కుటుంబవైద్యుడి గదిలోకి వచ్చేది రోగం కాదు, మనిషి. "ఎందుకో ఒంట్లో బాగుండటం లేదండీ" అంటాడు. అందులో రక్తహీనత ఉండొచ్చు, అప్పు ఉండొచ్చు, అత్తగారుండొచ్చు. హంగరీ నించి వచ్చి లండన్లో స్థిరపడిన మైకేల్ బాలింట్ అనే మనోవిశ్లేషకుడు 1950లలో కొందరు కుటుంబవైద్యుల్ని వారం వారం చుట్టూ కూచోబెట్టుకుని, వాళ్ల పేషెంట్ల గురించి మాట్లాడించేవాడు. 1957లో దాని మీద పుస్తకం రాశాడు. అందులో ముఖ్యమైన మాట: డాక్టరు రాసే మందులన్నిటిలోకీ ఎక్కువగా వాడబడేది డాక్టరే, కానీ ఆ మందుకి డోసు ఎంతో, వికటిస్తే ఏమౌతుందో ఏ గ్రంథంలోనూ లేదు. చూశారా, హస్తవాసి దగ్గరికే వచ్చాడు ఆయన కూడా, వేరే దారిన.

దాన్ని కొలవడానికి సాహసించినవాడు పాట్రిక్ బిర్న్. పల్లెటూరి డాక్టరుగా బతికి, మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన మనిషి. ఫ్రీమన్ అనే సహచరుడితో కలిసి, శిక్షణలో ఉన్న కుటుంబవైద్యుడు మొదటినాటికీ చివరినాటికీ ఎంత ఎదిగాడో ఎలా కొలవాలన్న దాని మీద 1970లలోనే పుస్తకం తెచ్చాడు. లాంగ్ అనే మరో ఆయనతో కలిసి సుమారు 2500 రోగి–డాక్టరు సంభాషణల్ని టేపు రికార్డర్ల మీద పట్టించి, విని, విని, 1976లో ఇంకో పుస్తకం అచ్చువేశాడు. వాళ్లకి తేలిందేమిటంటే, డాక్టరు తన ధోరణిని రోగిని బట్టి మార్చుకోడు. కాలు బెణికినవాడితో ఎలా మాట్లాడతాడో కన్నకొడుకు పోయిన తల్లితోనూ దాదాపు అదే వరసలో మాట్లాడతాడు. ఆ టేపుల కాలం నించే, రోగి వెళ్లిపోతూ తలుపు పిడి మీద చెయ్యి వేసి, "అన్నట్టు డాక్టరుగారూ..." అని అసలు సంగతి చివర్లో బయటపెట్టడం మీద కూడా డాక్టర్లకి చూపు పడింది. మన ఇళ్లల్లో చుట్టాలు చెప్పులు వేసుకుంటూ అప్పు అడిగినట్టే గదా!

1976లో పార్లమెంటు చట్టం చేసింది. ఆసుపత్రిలో రెండేళ్లు, అనుభవమున్న ఒక కుటుంబవైద్యుడి దగ్గర యేడాది, మొత్తం మూడేళ్ల శిక్షణ లేనిదే ఎన్.హెచ్.ఎస్.లో కుటుంబవైద్యుడు కావడానికి వీల్లేదు. 1982 నాటికి అది పూర్తిగా అమలైంది. ఇంతవరకూ బాగానే ఉంది. శిక్షణ సరిగా పూర్తయిందని తేల్చేది ఎవరు? శిక్షణ ఇచ్చిన డాక్టరే. ఎలా తేలుస్తాడు? కాగితం మీద సంతకం పెట్టి.

ఇక్కడ నా మేష్టరు బుర్ర చురుక్కుమంది. మన స్కూళ్లలో టి.సి. మీద 'నడవడి' అని ఒక గడి ఉంటుంది. దాంట్లో 'తృప్తికరం' అని తప్ప ఇంకోటి రాసిన హెడ్మాస్టర్ని నేను చూడలేదు. బల్లలు విరగ్గొట్టినవాడికీ తృప్తికరమే, బల్ల దాటి ఎరగనివాడికీ తృప్తికరమే. పోయేవాడి పొట్ట ఎందుకు కొట్టాలి? ఇంగ్లండులోనూ ఆ దయే పనిచేసింది. యేడాదిపాటు పక్కపక్క గదుల్లో కూచుని, కలిసి టీ తాగి, పెళ్లాంబిడ్డల యోగక్షేమాలు తెలిసిన కుర్రాడికి "నువ్వు పనికిరావు" అని రాయడం ఎవరికి చేతనౌతుంది? దాదాపు అందరికీ సంతకం దొరికేది. సంతకానికి విలువ పోయిందని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కాలేజీ పరీక్ష ఉండనే ఉంది గాని, అది ఇష్టమున్నవాళ్లే రాసేది; నెగ్గకపోయినా ప్రాక్టీసు ఆగదు.

చివరికి 1996 సెప్టెంబరు నించి సంతకం ఒక్కటే చాలదన్నారు. ప్రశ్నపత్రం, తన క్లినిక్కులో ఏదో ఒక పని ఎలా జరుగుతోందో లెక్క తీసి రాసిన వ్యాసం, శిక్షకుడి నివేదిక, వీటితోపాటు వీడియో. 1998 జనవరి 30 నించి అది చట్టమే అయింది. వీడియో అంటే, రోగుల అనుమతితో గది మూల కెమెరా పెట్టి, డాక్టరు రోగుల్ని చూస్తూ ఉంటే తీసిన టేపు. ఇంకెక్కడో కూర్చున్న పరీక్షకులు దాన్ని చూసి తేలుస్తారు. పెళ్లి వీడియోలో పెళ్లికొడుకు బిగుసుకుపోయినట్టు కొందరు బిగుసుకుపోయే ఉంటారు. పైగా తను బాగా చేసిన కేసుల్నే ఏరి పంపించే వీలుంది కదా! అయినా ఏ మాటకామాటే చెప్పుకోవాలి: తలుపు మూసిన గదిలో ఏం జరుగుతోందో మూడోకన్ను చూడగలిగింది అప్పుడే.

అదే సంవత్సరం, 1998లో, మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ అనే కుటుంబవైద్యుణ్ణి అరెస్టు చేశారు. పేషెంట్లకి ఆయనంటే గొప్ప నమ్మకం. పిలిస్తే ఇంటికొచ్చే డాక్టరు, ముసలివాళ్ల దగ్గర ఓపిగ్గా కూర్చునే డాక్టరు. 2000 జనవరిలో 15 హత్యలు చేసినట్టు కోర్టు తేల్చింది. తర్వాత జడ్జి జానెట్ స్మిత్ జరిపిన విచారణలో ఆయన చేతిలో పోయినవాళ్లు 215 మంది అని 2002లో లెక్క తేలింది. అందులో ఎక్కువమంది ముసలి ఆడవాళ్లు. ఇచ్చింది మత్తుమందు ఇంజక్షను. వీధివాళ్ల మాట ప్రకారం ఆయన హస్తవాసి బ్రహ్మాండం! ఈ ఒక్క కేసుతో ఆ దేశంలో "జనం మెచ్చాడు గనక మంచి డాక్టరే" అన్న మాట నోట పలకడానికి జంకు పుట్టింది. శిక్షణలో ఉన్నవాళ్లనే కాదు, శిక్షణ ముగించి తల నెరిసినవాళ్లని కూడా అయిదేళ్లకోసారి తిరగదోడి చూసే పద్ధతి 2012 డిసెంబరులో వచ్చిందంటే దాని వెనక ఈ నీడ ఉంది.

ఈలోగా పరీక్షల శాస్త్రం కూడా పెరిగింది. అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల డాక్టరు 1963లోనే మామూలు మనుషులకి రోగి వేషం నేర్పించి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. స్కాట్లండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో కుర్చీలాట లాంటి పరీక్ష కనిపెట్టాడు: వరసగా బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని, గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. అందరికీ అవే బల్లలు, అదే టైము, అదే మార్కుల పట్టిక. జార్జి మిల్లర్ అనే అమెరికన్ 1990లో ఈ విద్య మొత్తాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. మన వంటింట్లో చెప్పాలంటే ఇంతే: ఆవకాయకి ఏమేం కావాలో తెలియడం ఒకటి, ఎలా కలపాలో చెప్పగలగడం రెండు, అత్తగారు నిలబడి చూస్తుంటే కలిపి చూపించడం మూడు, ఎవరూ చూడనప్పుడు యేటా జాడీ చెడకుండా పెట్టడం నాలుగు. ప్రశ్నపత్రం మొదటి రెండు మెట్లే కొలుస్తుంది. నాలుగోది కొలవాలంటే జాడీ పక్కనే కాపరం ఉండాలి.

2007లో వచ్చిన కొత్త విధానం ఈ నాలుగూ కొలుస్తానంది. కాలేజీ పరీక్షే ఇప్పుడు అందరికీ తప్పనిసరి. కంప్యూటరు మీద ప్రశ్నపత్రం ఒకటి. వేషగాళ్లతో ప్రత్యక్ష పరీక్ష ఒకటి: అభ్యర్థి గదిలో కూర్చుంటాడు, గంట కొట్టినప్పుడల్లా ఒక కొత్త 'రోగి' వస్తాడు, 13 మంది, ఒక్కొక్కరికి 10 నిమిషాలు, మూల పరీక్షకుడు ఉలకడు పలకడు. మూడోది మూడేళ్లూ పనిచేసే చోటే జరిగే కొలత. ఇదే అసలు కాపరం. పై డాక్టరు పక్కన కూర్చుని చూస్తాడు. ఫలానా పేషెంటుకి ఫలానా మందే ఎందుకిచ్చావని నిలదీస్తాడు. నర్సులు, బయట కౌంటరులో కూర్చునే అమ్మాయి కూడా పేరు చెప్పకుండా అభిప్రాయం రాస్తారు. ఇవన్నీ కాక తన మనసులో ఏం జరిగిందో కుర్ర డాక్టరే డైరీలా రాసుకుంటూ పోవాలి. ఏం చూశాను, ఏం తోచింది, మళ్లీ వస్తే ఎలా చేస్తాను. మా మేనల్లుడు మొదట్లో గొణుక్కునేవాడు: "రోగిని చూడ్డానికి పది నిమిషాలు, చూసినందుకు ఏమనిపించిందో రాయడానికి అరగంట, మావయ్యా!" కొన్నాళ్లకి మాత్రం ఆ డైరీ పుణ్యమా అని ఒక సంగతి పట్టుకున్నానని చెప్పాడు. ఏడ్చే పేషెంటు ఎదురైన ప్రతిసారీ తను కంప్యూటరు వైపు తిరిగిపోతున్నాడట. మూడు వేరు వేరు నెలల్లో తనే రాసుకున్న మూడు పేజీలు పక్కపక్కన పెట్టుకుంటే తప్ప కనపడలేదట. ఏ పరీక్షకుడు చెప్పినా ఒప్పుకునేవాడు కాదేమో, తన దస్తూరీ గనక నోరెత్తలేదు.

ఈ కాగితాలన్నీ యేడాదికోసారి ఒక సంఘం ముందుకి పోతాయి. అక్కడ మార్కులుండవు, అంకెలుంటాయి. 1 అంటే బాగుంది, సాగిపో. 2 అంటే ఫలానా చోట్ల బాగుపడాలి. 3 అంటే ఇంకొంత కాలం శిక్షణ. 5 అంటే కాగితాలు చాల్లేదు, పట్రా. 6 అంటే పూర్తయింది. 4 అంటే ఇక ఇంటికి. తెలుగు డాక్టర్లు నలుగురు కలిసిన చోట ఆ నాలుగు అనే అంకె పేరెత్తితే చాలు, కాసేపు అందరూ ఊరుకుంటారట.

ఎందుకో చెప్పాలంటే మనవాళ్ల ప్రవేశం గురించి చెప్పాలి. ఇంగ్లండు వైద్యానికీ మనకీ ఉన్న చుట్టరికం మొదటినించీ పరీక్షల చుట్టరికమే. 1930లో బ్రిటిషు వైద్య మండలి మన డిగ్రీలు చెల్లవంది, ప్రసవాల శిక్షణ చాలదని. ఆ రోషంలోంచే 1933లో మన మెడికల్ కౌన్సిల్ చట్టం పుట్టింది. స్వతంత్రం వచ్చాక గుంటూరు, విశాఖ, కర్నూలు, ఉస్మానియా పట్టాలు పుచ్చుకుని మన కుర్రాళ్లు ఓడలెక్కి, విమానాలెక్కి వెళ్లారు. 1975లో మళ్లీ మన డిగ్రీలకి గుర్తింపు పోయింది. వేరే పరీక్ష నెగ్గాలన్నారు. అయినా వెళ్లడం ఆగలేదు. తెల్ల డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని బొగ్గుగనుల లోయల్లో, మిల్లు పట్నాల్లో కుటుంబవైద్యం మోసినవాళ్లు వీళ్లే. 1980ల నాటికి ఆ దేశపు కుటుంబవైద్యుల్లో సుమారు 16 శాతం మన ఉపఖండంలో పుట్టి, ఇక్కడే చదివి వెళ్లినవాళ్లని జూలియన్ సింప్సన్ అనే చరిత్రకారుడు రాశాడు. అప్పట్లో వాళ్ల మాటకి ఎవరూ మార్కులు వేయలేదు. రోజుకి యాభైమంది రోగులొస్తే, చూశారు.

కొత్త పరీక్ష వచ్చాక చిక్కు వచ్చింది. దాన్ని తెలుసుకోవడానికి బోర్లించి చూద్దాం. లీడ్సు నించి ఒక తెల్ల డాక్టర్ని తెచ్చి పల్నాడులో కూర్చోబెట్టామనుకోండి. పాపం, తెలుగు కూడా నేర్చుకున్నాడే అనుకోండి. ఒకావిడ వచ్చి, "బాగా వేడిచేసిందండీ" అంటుంది. ఆయన థర్మామీటరు పెడతాడు, జ్వరం లేదు. "జ్వరమెవరన్నారు, వేడిచేసింది, నోరు పూసింది" అంటుంది. పూయడమేమిటో ఆయనకి బోధపడదు. వెంట వచ్చిన కోడలు తలొంచుకుని, "నెల తప్పిందండీ" అంటే ఆయన క్యాలెండరు వైపు చూస్తాడు. వైద్యంలో ఆయన దిట్టే. అయినా 10 నిమిషాల్లో గంట కొడితే, 13లో ఎన్ని నెగ్గుతాడు? సరే, తెల్లాయన అవస్థ మనకి నవ్వొచ్చింది గాని, ఆ కోడలి సంగతేమిటి? తన మాట అర్థం చేసుకునే డాక్టరు కావాలనుకోవడం ఆమె తప్పా? లీడ్సులో ముసలమ్మకీ ఆ హక్కే ఉంది గదా!

2013లో మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి చెందిన అనీజ్ ఇస్మాయిల్, క్రిస్ రాబర్ట్స్ అనే ఇద్దరు 2010 నవంబరు నించి 2012 నవంబరు దాకా ఆ పరీక్షకి కూర్చున్న 5095 మంది లెక్కలు తీసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. మొదటి ప్రయత్నంలో తప్పినవాళ్లకీ నెగ్గినవాళ్లకీ ఉన్న నిష్పత్తి, తక్కిన తేడాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, అక్కడే చదివిన తెల్లవాళ్లకంటే విదేశాల్లో చదివిన తెల్లవారు కానివాళ్లకి 14 రెట్లు మించి ఉంది. వాళ్లకి యాస ఉందనుకుందాం. అక్కడే పుట్టి, అక్కడే చదివి, అక్కడి యాసే మాట్లాడే నల్ల, గోధుమరంగు పిల్లలకి కూడా మూడున్నర రెట్లు ఉంది. దీన్నేమందాం? అక్కడి భారతీయ వైద్యుల సంఘం కాలేజీ మీద హైకోర్టుకెక్కింది. 2014 ఏప్రిల్లో జస్టిస్ మిట్టింగ్ తీర్పు చెప్పాడు: పరీక్ష చట్టబద్ధమే, న్యాయమైనదే. అయితే దావా వేసినవాళ్లకి చట్టప్రకారం గెలుపు కాకపోయినా నైతికంగా అది విజయమేనని కూడా అన్నాడు. ఈ తేడా పోగొట్టడానికి కాలేజీ ఏదో ఒకటి చెయ్యాలన్న సూచనా చేశాడు.

రెండు పక్షాల వాదనలూ చదివాక నాకు తోచింది చెబుతాను. వేషం వేసిన రోగి ముందు తప్పినవాళ్లు అప్పటికి రెండు మూడేళ్లుగా నిజం రోగుల్ని చూస్తున్నవాళ్లు. పనిచేసే చోట వాళ్ల కాగితాల నిండా 'తృప్తికరం' అనే ఉంది. అంటే పాత సంతకం పోలేదు. వంద చిన్న సంతకాలుగా చీలి కంప్యూటర్లో దాక్కుంది. "నీ మాట రోగికి అందటం లేదు నాయనా" అని మొదటి యేడే చెప్పవలసిన శిక్షకుడు మొహమాటానికి పోయాడు. నల్లవాణ్ణి అన్నానంటారేమోనన్న భయం కూడా కొంత ఉండి ఉంటుంది. ఆ మాట ఆఖరి యేట, ముక్కూ మొహం తెలియని పరీక్షకుడు ఒక అక్షరంతో చెప్పాడు. నాలుగు ప్రయత్నాలే అన్నారు. నాలుగూ పోతే 4 అంకె, పదేళ్ల చదువు, వీసా, ఇల్లు, పిల్లల బడి అన్నీ ఒక్క ఉత్తరంలో పోతాయి. పరీక్షకుడు పక్షపాతి అవునో కాదో జడ్జిగారు చూసుకున్నారు. యంత్రం దిద్దే ప్రశ్నపత్రంలోనూ తేడా ఉన్నప్పుడు నేరమంతా ఆ మూల కూర్చున్న మనిషి మీదే వేయలేం. కానీ ఆ దయగల శిక్షకుణ్ణి ఏ కోర్టూ బోనెక్కించలేదు.

2020లో కోవిడ్ వచ్చి వేషగాళ్ల పరీక్ష మూతపడింది. నిజం రోగులతో జరిగిన సంభాషణల రికార్డులు పంపించమన్నారు. అంటే చుట్టూ తిరిగి 1996 నాటి వీడియో దగ్గరికే. 2023 నించి మళ్లీ వేషగాళ్లే, కాకపోతే తెర మీద: 12 కేసులు, ఒక్కోదానికి 12 నిమిషాలు, డాక్టరు తన ఊళ్లోనే కూర్చోవచ్చు. తేడా తగ్గించాలని శిక్షకులకి శిక్షణ, కొత్తగా వచ్చేవాళ్లకి మొదటి నెలల్లోనే మాటల తర్ఫీదు పెట్టారు. తేడా పూర్తిగా పోలేదు.

మరి మన సంగతి? ఇక్కడ ఎం.బి.బి.ఎస్. ముగించి, యేడాది హౌస్ సర్జన్సీ చేసి, పేరు నమోదు చేయించుకుంటే బోర్డు కట్టుకోవచ్చు. ఇంగ్లండు 1953లో ఉన్న మెట్టు అది. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఫ్యామిలీ మెడిసిన్ డి.ఎన్.బి. ఉంది, మూడేళ్ల చదువు, మన తెలుగు జిల్లాల్లోనూ చేస్తున్నవాళ్లున్నారు. కానీ పిల్లల్ని కన్నవాళ్లెవరూ "మావాడు కుటుంబవైద్యుడు కావాలి" అని కోచింగు ఫీజు కట్టడం నేను చూడలేదు. గుండె కావాలి, మోకాలు కావాలి. లార్డ్ మోరన్ నిచ్చెన మన నడవాలోనే ఉంది. 2019లో చేరినవాళ్ల నించి ఎం.బి.బి.ఎస్.లో లాగ్‌బుక్కులు వచ్చాయి. ఏ పని ఎన్నిసార్లు చేశాడో రాసి, మేష్టరుగారి సంతకం పుచ్చుకోవాలి. సంతకాల సంగతి ఇందాకా చెప్పుకున్నాం.

ఎప్పుడో మనవాళ్లూ వేషగాళ్ల పరీక్ష పెద్దయెత్తున పెడతారనుకుందాం. నటులకేం లోటు లేదు, సురభివారున్నారు. అయితే ఒక్క మనవి. రోగి వేషాలన్నిటినీ ఒక్క జిల్లా భాషలో రాయించకండి. మా గుంటూరు కుర్రాడొకడు, అప్పుడే పట్టా పుచ్చుకున్నవాడు, కరీంనగరు వైపు ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్లో చేరాడు. మొదటి రోజు ఓ పెద్దమనిషి వచ్చి కూర్చుని, "పెయ్యంత నొస్తున్నది సారూ" అన్నాడు. పెయ్యి అంటే అక్కడ ఒళ్లు. మావైపు పెయ్య అంటే ఆవుదూడ. కుర్రాడు చాలా మర్యాదగా, పశువుల ఆసుపత్రి బస్టాండు వెనక ఉందని చెప్పాడు. ఆయనేమీ కోపం తెచ్చుకోలేదట. చొక్కా పైకెత్తి, వీపు చూపించి, "ఇగో, ఈడ" అన్నాడట.